కీర్కెగార్డ్ చివరి ఏడాది: చర్చిని వదిలేశాడా, నిలదీశాడా?

కొండవీటి పాఠకుడు

అందరికీ నమస్కారం. పంతొమ్మిదో శతాబ్దపు డెన్మార్క్ తత్వవేత్త సోరెన్ కీర్కెగార్డ్ పేరు ఇక్కడ అప్పుడప్పుడు వస్తూనే ఉంటుంది. కానీ ప్రతిసారీ మాట ఆయన రాసిన అబ్రాహాము కథ దగ్గర మొదలై ఫ్రెంచి రచయితలు సార్త్ర్, కామూల వైపు వెళ్లిపోతుంది. ఆయన చివరి పదకొండు నెలల గురించి ఎవరూ మాట్లాడరు. ఆయన అంతకుముందు రాసినవి కూడా నాకు ఆ నెలలు తెలిశాకే సరిగ్గా అర్థమయ్యాయి. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం సంగతి చెబుతాను. 1854 జనవరి 30న కోపెన్‌హాగన్‌లో బిషప్ మ్యూన్‌స్టర్ చనిపోయారు. డెన్మార్క్ చర్చికి ఆయనే పెద్ద, పేరుమోసిన ప్రసంగీకుడు. కీర్కెగార్డ్ తండ్రికి ఆయనంటే ఎంతో గౌరవం. ఆ ఇంట్లో మ్యూన్‌స్టర్ ప్రసంగాలు చదువుకుంటూనే సోరెన్ పెరిగాడు. బిషప్ పోయాక మార్టెన్సన్ అనే వేదాంత ప్రొఫెసర్ స్మారక ప్రసంగం చేస్తూ, అపొస్తలుల కాలం నుంచి తెగకుండా వస్తున్న సత్యసాక్షుల వరసలో మ్యూన్‌స్టర్‌నీ చేర్చాడు. తర్వాత ఆ కుర్చీలోకి బిషప్‌గా వచ్చింది కూడా మార్టెన్సనే.

కీర్కెగార్డ్ ఆ ఫిబ్రవరిలోనే జవాబు రాశాడు. రాసి, దాచిపెట్టి, డిసెంబరు 18న ఫేద్రెలాండెట్ అనే దినపత్రికలో అచ్చు వేయించాడు. సత్యసాక్షి అంటే పేదరికంలో బతికినవాడు, నిందలు మోసినవాడు, కొరడా దెబ్బలు తిన్నవాడు, చివరికి ప్రాణం ఇచ్చినవాడు. మంచి జీతం, బిరుదులు, రాజుగారి దగ్గర మర్యాద అన్నీ అనుభవించి మంచం మీద కన్నుమూసిన మనిషిని ఆ మాటతో పిలవవచ్చా అని అడిగాడు. ఊరంతా అట్టుడికిపోయింది. అదే పత్రికలో మొత్తం 21 వ్యాసాలు రాశాడు. 1855 మే నుంచి 'క్షణం' అనే సొంత పత్రిక పెట్టి తొమ్మిది సంచికలు తెచ్చాడు. పదోది సిద్ధంగా ఉండగా అక్టోబరు 2న వీధిలో కూలిపోయాడు. నవంబరు 11న ఆసుపత్రిలో చనిపోయాడు. అప్పటికి వయసు 42.

నా ప్రశ్న ఇది. ఈ మనిషి చర్చిని వదిలేసి వెళ్లిపోయాడా, లేక లోపలే నిలబడి నిలదీశాడా? నాకు రెండోదే నిజమనిపిస్తుంది. మీ అభిప్రాయాలు రాయండి.


నిరీశ్వరం

వదిలేశాడనే అంటాను. 1855లో ఆయన వేసిన చిన్న కరపత్రంలో ఏమన్నాడు? ఇప్పుడు జరుగుతున్న ఆరాధనకు వెళ్లడం మానేస్తే నీ పాపాల లెక్కలో ఒకటి తగ్గుతుంది, దేవుణ్ణి వెర్రివాణ్ణి చేసే పనిలో నీకు వాటా ఉండదు అన్నాడు. ఆసుపత్రిలో పాస్టరు చేతి మీదుగా ప్రభురాత్రి భోజనం (రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారం) తీసుకోనన్నాడు. ఇంతకంటే తెగతెంపులు ఏం కావాలి?

నాకు అర్థం కానిది ఇంకొకటి. ఇంత దూరం వచ్చిన మనిషి మిగిలిన ఒక్క అడుగు ఎందుకు వేయలేదు? చర్చి అబద్ధమని తేలాక దేవుణ్ణి మాత్రం పట్టుకుని వేలాడటం దేనికి? జర్మన్ తత్వవేత్త నీషే ఆ అడుగు వేశాడు.


శరత్ జ్యోత్స్న

నిరీశ్వరం గారూ, ఆసుపత్రి సంభాషణలో మీరు సగమే చెప్పారు. మిగతా సగం చూడండి.

ఎమిల్ బూసెన్ కీర్కెగార్డ్‌కు చిన్ననాటి స్నేహితుడు. స్వయంగా పాస్టరు. దూరపు ఊరినుంచి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు, మాట్లాడుకున్నవి రాసి ఉంచాడు. ప్రభురాత్రి భోజనం తీసుకుంటావా అంటే కీర్కెగార్డ్ తీసుకుంటానన్నాడు, కానీ పాస్టరు చేతి నుంచి కాదు, మామూలు విశ్వాసి చేతి నుంచి. అది కుదిరే పని కాదని బూసెన్ అంటే, అయితే అది లేకుండానే పోతాను అన్నాడు. పాస్టర్లు రాజుగారి ఉద్యోగులు, రాజుగారి ఉద్యోగులకూ క్రైస్తవ్యానికీ సంబంధం లేదు అన్నాడు. ప్రశాంతంగా ప్రార్థన చేసుకోగలుగుతున్నావా అని అడిగితే, చేసుకోగలుగుతున్నాను, ముందు పాపక్షమాపణ అడుగుతాను అన్నాడు. క్రీస్తులో దేవుని కృపను ఆశ్రయించావు కాబట్టేనా ఈ నెమ్మది అంటే, మరి ఇంకేముంటుంది అన్నట్టు జవాబిచ్చాడు.

సంస్కారం వద్దనలేదు. జీతగాడి చేతి నుంచి వద్దన్నాడు. అంత నీరసంలోనూ ఆ తేడా ఆయన మరచిపోలేదు.

ఇక మీ రెండో ప్రశ్న. 1855 మార్చి 31న 'నాకేం కావాలి?' అనే వ్యాసం వచ్చింది. అందులో ఆయన జవాబు ఒకటే: నిజాయితీ. నేను కఠినమైన క్రైస్తవ్యం తరఫున మెతక క్రైస్తవ్యం మీద యుద్ధానికి వచ్చినవాణ్ణి కాను అని స్పష్టంగా చెప్పాడు. కొత్త నిబంధన అడిగేది ఇది, మనం బతికేది ఇలా, ఈ రెంటి మధ్య ఇంత దూరం ఉంది అని దేవుని ముందు ఒప్పుకోండి అన్నాడు. ఒప్పుకుంటే మెతకదనాన్నీ సహించగలడు. మ్యూన్‌స్టర్ బతికి ఉన్నంతకాలం ఆయన నోటి వెంట ఆ ఒక్క ఒప్పుకోలు వస్తుందని ఎదురుచూశాడు. 1850లో తెచ్చిన 'క్రైస్తవ్యంలో అభ్యాసం' అనే పుస్తకానికి ముందుమాటలో ఆ దారి తెరిచి ఉంచాడు కూడా. మ్యూన్‌స్టర్ ఏమీ చెప్పకుండానే పోయారు. పైగా సత్యసాక్షి అన్న కీర్తి! కోపం అక్కడ కట్టతెగింది.

నీషేకు క్రైస్తవ్యం అబద్ధం. కీర్కెగార్డ్‌కు క్రైస్తవ్యం నిజం కాబట్టే క్రైస్తవ సమాజం అబద్ధమైంది. ఇద్దరినీ ఒకే దారిలో ముందూ వెనకా నడిచినవాళ్లుగా చూడటం నాకు సరిగా తోచదు.


కోపెన్‌హాగన్ తెలుగు

ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్నాను కాబట్టి ఈ ఊరి సంగతులు కొన్ని.

అప్పటి డెన్మార్క్‌లో లూథరన్ చర్చి అంటే ప్రభుత్వంలో ఒక భాగం. 1849 జూన్ 5న వచ్చిన రాజ్యాంగం మతస్వేచ్ఛ ఇచ్చింది, రాజుగారి చర్చికి 'ప్రజల చర్చి' అని పేరు మార్చింది. కానీ దానికి ప్రభుత్వ పోషణ అలాగే ఉంచింది. డేన్‌గా పుడితే క్రైస్తవుడే. పుట్టుక, బాప్తిస్మం, పెళ్లి, చావు అన్నీ పాస్టరుగారి పుస్తకంలోకి ఎక్కేవి. అందుకే కీర్కెగార్డ్ ఈ దేశంలో అందరూ క్రైస్తవులే కాబట్టి క్రైస్తవుడంటూ ఎవరూ లేరు అన్న వాదన తెచ్చాడు.

ఇప్పటికీ పదిమందిలో ఏడుగురు దాకా ఆ చర్చి సభ్యులే. సభ్యులు ఆదాయపు పన్నుతో పాటు చర్చి పన్ను కడతారు. పిల్లలు పుడితే నమోదు చేసేది, దేశంలో చాలా భాగంలో, ఇప్పటికీ చర్చి కార్యాలయమే. నాలాంటి వేరే మతం వాళ్ల పిల్లలకు కూడా అంతే.

ఆయన విగ్రహం ఒకటి రాజ గ్రంథాలయం తోటలో ఉంది. ఇంకొకటి ఫ్రెడరిక్ చర్చి చుట్టూ, క్రైస్తవ పెద్దల విగ్రహాల మధ్య నిలబెట్టారు. అసిస్టెన్స్ శ్మశానంలో కుటుంబ సమాధి మీద ఆయన కోరుకున్న పద్యం చెక్కి ఉంది. బ్రోర్సన్ అనే పాతకాలపు బిషప్ రాసిన కీర్తనలోది. కొంచెం కాలమే, తర్వాత గెలుపు నాది, పోరాటమంతా ఒక్కసారిగా మాయమవుతుంది, అప్పుడు గులాబీల మందిరంలో విశ్రమించి నా యేసుతో ఎడతెగక మాట్లాడుకుంటాను అని దాని భావం. చర్చి పాటల్లోంచి, అదీ ఒక బిషప్ రాసిన పాటను, తన రాతి మీదికి ఎంచుకున్న మనిషి చర్చిని పూర్తిగా వదిలేశాడంటే నాకు నమ్మబుద్ధి కాదు.


పాస్టరుగారమ్మాయి

అందరూ ఆయన వైపే మాట్లాడుతున్నారు. రెండో పక్క కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

మా నాన్నగారు పల్లెల్లో పాస్టరు. సైకిలు మీద మొదలుపెట్టి తర్వాత మోపెడ్ మీద సంఘాలు తిరిగారు. జీతం నెలనెలా వచ్చేదని ఎప్పుడూ నమ్మకం లేదు. కోతకాలపు పండుగకు విశ్వాసులు తెచ్చిన ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు వేలం వేస్తే వచ్చిన డబ్బులతో మా స్కూలు ఫీజులు కట్టిన సంవత్సరాలున్నాయి. అర్ధరాత్రి ఎవరింట్లో చావు జరిగినా కబురు ముందు మా ఇంటికే వచ్చేది. అలాంటి మనిషికి జీతం ఇవ్వడమే క్రైస్తవ్యానికి ద్రోహమని ఒక పెద్దమనిషి రాస్తే నాకు కోపం వస్తుంది.

ఆ పెద్దమనిషి ఎలా బతికాడు? ఉన్ని వ్యాపారం చేసి కూడబెట్టిన తండ్రి 1838లో పోతూ వదిలిన ఆస్తి మీద. ఇంట్లో పనిమనిషి, షికారుకు అద్దె గుర్రపుబండి. ఒక్క సంఘాన్ని కూడా కాసినవాడు కాదు. "సువార్త ప్రచురించువారు సువార్తవలన జీవింపవలెనని ప్రభువు నియమించియున్నాడు" అని పౌలు కొరింథీయులకు రాసింది ఆయన చదవలేదా?


కొండవీటి పాఠకుడు

అమ్మా, మీ నాన్నగారి లాంటివాళ్ల గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. మా తాతల నాటి నుంచి గుంటూరు లూథరన్ సంఘంలో ఉన్నవాళ్లం, అలాంటి పాస్టర్లను నేనూ చూశాను.

అయితే పౌలు ఆ మాట చెప్పిన వెంటనే "నేనైతే వీటిలో దేనినైనను వినియోగించుకొనలేదు" అంటాడు. కీర్కెగార్డ్ పట్టుకున్నది ఆ రెండో మాటను. జీతం తప్పు అనడం కంటే, జీతం తీసుకుంటూ త్యాగం చేస్తున్నట్టు మాట్లాడటం తప్పు అన్నది ఆయన గొడవ అని నా అభిప్రాయం. 'క్షణం' ఏడో సంచికలో లుద్విగ్ ఫ్రోమ్ అనే కుర్రవాడి కథ రాశాడు. వేదాంతం చదివి పాస్టరు ఉద్యోగం వెతుకుతుంటాడు. ముందు పరీక్షలు, తర్వాత అర్జీలు, తర్వాత పెద్దల ఇళ్ల చుట్టూ తిరగడం. ఏళ్లు గడిచాక ఉద్యోగం వస్తుంది. తీరా చూస్తే ఆదాయం అనుకున్నదానికంటే తక్కువని తెలిసి కుంగిపోతాడు, వదులుకుందామా అనుకుంటాడు. చివరికి చేరి మొదటి ప్రసంగం చేస్తాడు. వాక్యం ఏమిటంటే, "మీరు ఆయన రాజ్యమును నీతిని మొదట వెదకుడి". బిషప్‌గారు ఆ ప్రసంగాన్ని మెచ్చుకుంటారు. ఇది చదివినప్పుడు నాకు ఆ కుర్రవాడి మీద జాలే కలిగింది. కీర్కెగార్డ్ వేలు చూపిస్తున్నది ఆ కుర్రవాణ్ణి అలా తయారుచేసిన ఏర్పాటు వైపు.

తండ్రి డబ్బు మీద బతికాడన్నది ఒప్పుకోవాల్సిన మాటే. పుస్తకాలకు చాలావరకు ఆ డబ్బే పెట్టుబడి. చనిపోయేనాటికి అది దాదాపు అయిపోయింది. 1840లో వేదాంతం పరీక్ష పాసయ్యాడు, ఎక్కడైనా పల్లెటూరి పాస్టరుగా స్థిరపడదామన్న ఆలోచన ఏళ్ల తరబడి డైరీల్లో కనిపిస్తూనే ఉంటుంది. నాకు అధికారం లేదు అని తన గురించి తానే పదేపదే రాసుకున్నాడు. నేను క్రైస్తవుణ్ణి అని కూడా చెప్పుకోలేదు, నన్ను నేను అలా పిలుచుకోను అన్నాడు.

పక్కమాట ఒకటి. 1706లో తమిళనాడు తీరంలోని తరంగంబాడికి లూథరన్ మిషనరీలను పంపింది డెన్మార్క్ రాజే. ఆ ఊరిని డేన్‌లు ఇంగ్లీషువాళ్లకు అమ్మేసింది 1845లో, కీర్కెగార్డ్ కళ్లముందే. గుంటూరుకు హేయర్ దొర వచ్చింది 1842లో, అమెరికా లూథరన్ల తరఫున. దక్షిణ భారతంలో లూథరన్ సంఘానికి మొదటి మొక్క నాటింది కీర్కెగార్డ్ తిట్టిన ఆ రాజుగారి చర్చే. ఈ ఆలోచన నన్ను వదలదు.


పాస్టరుగారమ్మాయి

ఏర్పాటు మీద కోపమైతే ఏర్పాటులో ఉన్న మంచివాళ్ల పేరు కూడా చెప్పాలి కదా. ఆయన సొంత అన్న పేటర్ క్రిస్టియన్ కీర్కెగార్డ్ ఆ చర్చిలోనే పాస్టరు. బాప్టిస్టు శాఖవాళ్లు చిన్నపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. 1840ల్లో డెన్మార్క్‌లో ఆ బాప్టిస్టుల పిల్లలకు బలవంతంగా బాప్తిస్మం ఇవ్వాలని హుకుం వచ్చింది. చేయమన్నది ఈ మ్యూన్‌స్టరే. పేటర్ చేయనన్నాడు. ఉద్యోగం పోయే పరిస్థితి వచ్చినా చేయలేదు. రాజుగారి జీతం తీసుకునే మనిషి, తనకు నచ్చని శాఖవాళ్ల మనస్సాక్షి కోసం నిలబడ్డాడు. అది సాక్ష్యం కాదా? ఆ అన్న ఆసుపత్రికి చూడటానికి వస్తే తమ్ముడు లోపలికి రానివ్వలేదు.


శరత్ జ్యోత్స్న

మంచి విషయం గుర్తు చేశారు. దాని వెనక ఇంకొంచెం ఉంది. 1855 జులైలో పాస్టర్ల సమావేశంలో పేటర్ తమ్ముడికి వ్యతిరేకంగా మాట్లాడాడు. ఆ గాయం పచ్చిగా ఉంది. అంత్యక్రియలు జరిగింది కూడా చర్చిలోనే, నవంబరు 18 ఆదివారం, మాట్లాడింది పేటరే. శ్మశానంలో మేనల్లుడు, హెన్రిక్ లుండ్ అనే డాక్టరు, మధ్యలో లేచాడు. బతికినంతకాలం చర్చిని కాదన్న మనిషిని చచ్చాక చర్చి సొంతం చేసుకుంటోందని అభ్యంతరం చెప్పాడు. ప్రకటన గ్రంథంలో లవొదికయ సంఘానికి రాసిన ఉత్తరం చదివాడు, "నులివెచ్చనగా" ఉన్నవాళ్ల గురించి. తర్వాత ఆయనకు జరిమానా పడింది. పేటర్ 1857లో బిషప్ అయ్యాడు, 1875లో ఆ పదవి వదులుకున్నాడు. తమ్ముడి మాటలు చివరిదాకా ఆయన్ని పట్టి కుదిపాయని జీవితచరిత్రకారులు రాస్తారు.

కానీ అమ్మాయిగారూ, పేటర్ చేసిన పని కీర్కెగార్డ్ వాదానికే బలం అనుకుంటాను. పేటర్ అక్కడ ఉద్యోగిగా కాదు, ఒక మనిషిగా దేవుని ముందు నిలబడ్డాడు. కీర్కెగార్డ్ 'ఆ ఒక్క వ్యక్తి' అని పిలిచింది అలాంటి మనిషినే. తన ప్రసంగాల పుస్తకాలు వరుసగా ఆ ఒక్క వ్యక్తికే అంకితమిచ్చాడు. గుంపులోకి చేరగానే బాధ్యత పలచబడిపోతుంది, ఎవరూ ఏమీ చేయనట్టే ఉంటుంది, అన్నీ జరిగిపోతుంటాయి. 1846లో కోర్సార్ అనే వ్యంగ్య పత్రిక ఆయన ప్యాంటు కాళ్ల పొడవు మీద కూడా బొమ్మలు వేసి ఏడిపించింది, వీధిలో పిల్లలు కూడా వెక్కిరించేవాళ్లు. గుంపు అంటే ఏమిటో పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవాడు కాదు.


నిరీశ్వరం

సరే, లోపలి నుంచే నిలదీశాడని ఒప్పుకోవడానికి సిద్ధమే. కానీ "సత్యం అంటే ఆత్మాశ్రయత", అంటే మనిషి అంతరంగానిది, లాంటి మాట అన్న మనిషికి ఇంకొకరిని అబద్ధం అనే హక్కు ఎక్కడిది? ఎవరి సత్యం వాళ్లదైతే మ్యూన్‌స్టర్ సత్యం మ్యూన్‌స్టర్‌ది.


శరత్ జ్యోత్స్న

ఆ మాటను అందరూ ఇలాగే వాడుకుంటున్నారు, అందుకు నాకు బాధగా ఉంటుంది. 1846 నాటి 'అనుబంధం' అనే పుస్తకంలో ఆయన ఇచ్చిన ఉదాహరణలు రెండు చెబుతాను.

మొదటిది. పిచ్చాసుపత్రి నుంచి తప్పించుకున్న ఒకతను, తనకు నయమైందని ఊళ్లోవాళ్లను నమ్మించాలనుకుంటాడు. ఎవరూ కాదనలేని నిజం ఒకటి చెబితే చాలనుకుంటాడు. దారిలో దొరికిన బంతిని కోటు వెనక జేబులో వేసుకుంటాడు. అడుగు వేసినప్పుడల్లా అది తగులుతుంది, తగిలినప్పుడల్లా "భూమి గుండ్రంగా ఉంది" అంటాడు. అన్నది నిజమే. అన్న తీరు చూసే డాక్టరుకు విషయం అర్థమవుతుంది. సిద్ధాంతం తప్పు లేకుండా వల్లించినంత మాత్రాన మనిషి సత్యంలో ఉన్నట్టు కాదు.

రెండోది. నిజదేవుని మందిరంలో నిలబడి తప్పుడు మనసుతో ప్రార్థించేవాడు ఒకడు. విగ్రహం ముందు నిలబడినా అనంతం కోసం తపించిపోతూ ప్రార్థించేవాడు ఇంకొకడు. సత్యం ఎవరి దగ్గర ఎక్కువుంది? రెండోవాడి దగ్గరే అంటాడు. ఒక లూథరన్ దేశంలో, 1846లో, ఈ వాక్యం రాయడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

ఎవరికి నచ్చింది వాళ్లకు నిజం అన్న అర్థం ఇందులో ఎక్కడా లేదు. దేవుడు మనిషయ్యాడన్నది రుజువుకు అందని విషయం. రుజువు వచ్చేదాకా ఆగితే జీవితం అయిపోతుంది. కాబట్టి అనిశ్చితి తెలిసీ దాని మీద బతుకంతా పెట్టాలి. నాకూ దీనికీ ఏమిటి సంబంధం అన్న ప్రశ్న తప్పించుకోకూడదు. అక్కడ ఎవరూ ఇంకొకరి తరఫున నమ్మలేరు. మ్యూన్‌స్టర్ తప్పు తనదైన సత్యం కలిగి ఉండటం కాదు. ఆదివారం చెప్పిన సత్యం సోమవారం ఆయన మీద ఏ హక్కూ చూపించకపోవడం.


ఏకాంతం

చాలాకాలంగా చదువుతూ మొదటిసారి రాస్తున్నాను. నా టెన్షన్ వేరు. కీర్కెగార్డ్ రాసిన 'భయము, వణకు' చదివాక నిద్రపట్టలేదు. దేవుడు చెప్పాడని కొడుకు మీద కత్తి ఎత్తిన అబ్రాహామును విశ్వాసులకు తండ్రి అంటే, రేపు ఎవడైనా దేవుడు చెప్పాడని కత్తి ఎత్తితే ఏమంటాం? ఇలాంటి వార్తలు పేపర్లలో చూస్తూనే ఉన్నాం కదా.


కొండవీటి పాఠకుడు

స్వాగతం అండీ. ఆ భయం లేకుండా ఆ పుస్తకం చదివితే చదవనట్టే. కీర్కెగార్డ్ కోరుకున్నదీ అదే. ఆదికాండం 22వ అధ్యాయం మీద ప్రసంగం విని, బాగుందని ఇంటికెళ్లి భోంచేసే సంఘానికి, అసలు అక్కడ ఏం జరిగిందో చూపించాలనుకున్నాడు. ఆ ప్రసంగం విన్న మనిషి నిజంగానే కొడుకుని చంపడానికి బయల్దేరితే పాస్టరు ఏమంటాడు అన్న ప్రశ్న మీరు అడగకముందే ఆయనే ఆ పుస్తకంలో అడిగాడు.

ఒకటి గమనించండి. 1843లో వచ్చిన ఆ పుస్తకం కీర్కెగార్డ్ తన పేరుతో వేయలేదు. యోహానెస్ దె సిలెన్షియో అనే కల్పిత రచయిత పేరుతో వేశాడు. ఆ రచయిత నాకు విశ్వాసం లేదు, అబ్రాహామును చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది కానీ అర్థం కావడం లేదు అని మొదటినుంచీ చెబుతాడు. గ్రీకు కథల్లో అగమెమ్నాన్ అనే రాజు కూతుర్ని బలిచ్చాడు, దేశం కోసమని అందరికీ తెలుసు, అందరూ అతనితో కలిసి ఏడ్చారు. అబ్రాహాముకు అలా చెప్పుకోడానికి ఏమీ లేదు. భార్య శారాకు చెప్పలేడు, కొడుకు ఇస్సాకుకు చెప్పలేడు. తనకు దొరికిన ఆజ్ఞను ఇంకొకరికి నియమంగా మార్చలేడు, జట్టు కట్టలేడు.

మీరు చెప్పే ఉన్మాది సరిగ్గా దీనికి విరుద్ధం. వాడికి గుంపు కావాలి, ప్రచారం కావాలి, తాను చేసింది సరైనదని ఖాయంగా తెలియాలి. అబ్రాహాముకు ఆ ఖాయం ఎప్పుడూ లేదు. పైగా అతను నమ్మింది ఇస్సాకు పోతాడని కాదు. ఈ బతుకులోనే, ఈ నేల మీదే ఇస్సాకు తిరిగి దొరుకుతాడని. వదులుకోవడం మనిషి తన బలంతో చేయగలడు, తిరిగి పొందుతానని నమ్మడం మాత్రం విశ్వాసానికే సాధ్యం. రెగీనాతో నిశ్చితార్థం 1841లో తెంచుకున్న మనిషి రెండేళ్లకు ఈ మాట రాశాడు. నాకు విశ్వాసమే ఉంటే రెగీనాతోనే ఉండిపోయేవాణ్ణి అని అదే ఏడాది డైరీలో రాసుకున్నాడు.


ఏకాంతం

ధన్యవాదాలు. భయం పోలేదు కానీ దేనికి భయపడాలో తెలిసింది. విశ్వాసవీరుడు చూడటానికి పన్నుల గుమాస్తాలా ఉంటాడనీ, ఇంటికి వెళ్తూ భార్య ఏం వండి ఉంటుందా అని ఆలోచిస్తుంటాడనీ ఉన్న చోటు మళ్లీ చదువుతాను. మొదటిసారి అది దాటేసి వెళ్లిపోయాను.


ఒంగోలు మనవడు

ఆలస్యంగా వచ్చాను. ఇంతసేపూ కోపెన్‌హాగన్ గురించే మాట్లాడారు. మావైపు నుంచి ఒక మాట.

1876 నుంచి 78 దాకా మహా కరువు. ఒంగోలులో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో వేలమందికి పని చూపించాడు. కరువు పనులు నడుస్తున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఎక్కువమంది మాదిగలు. మా ముత్తాతల తరం వాళ్లు.

ఇది చదివితే కీర్కెగార్డ్ గుంపు అనేవాడా? చాలామంది పెద్ద చదువుల వాళ్లు అదే అన్నారు, సామూహిక మతమార్పిడి, వ్యక్తిగత విశ్వాసం ఏముంది అని. నేను ఒప్పుకోను. కోపెన్‌హాగన్‌లో బాప్తిస్మం తీసుకుంటే పెద్దమనిషి అవుతారు, తీసుకోకపోతే ఇబ్బంది. ఒంగోలు పల్లెల్లో తీసుకుంటేనే ఇబ్బంది. ఊరి జాతరలో డప్పు కొట్టనంటే, చచ్చిన గొడ్డు మాంసం తిననంటే, ఆదివారం పనికి రానంటే ఊరు ఊరుకునేది కాదు. బావి దగ్గరికి రానివ్వలేదు, కూలికి పిలవలేదు, కొట్టారు. అందరూ కలిసి వచ్చారు నిజమే, కానీ వచ్చిన ప్రతివాడూ ఏదో ఒకటి పోగొట్టుకునే వచ్చాడు. యెర్రగుంట్ల పేరయ్యలాంటి వాళ్లు తోళ్ల వ్యాపారం చేసుకుంటూ ఊరూరా సువార్త చెప్పారు. పాస్టరు ఉద్యోగం, రాజుగారి జీతం ఎక్కడివి?

'క్రైస్తవ్యంలో అభ్యాసం' పుస్తకంలో మొదటి రెండు భాగాలు రెండు వాక్యాల మీద నిలబడి ఉన్నాయి. ఒకటి, "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి". రెండోది, "నా విషయమై అభ్యంతరపడనివాడు ధన్యుడు". ఈ పిలుపు ఇచ్చింది మహిమలో ఉన్న క్రీస్తు కాదు, తలదాచుకునే చోటు లేని పేదవాడు, కాబట్టి ఆయన దగ్గరికి వెళ్లడం అంటే ఆయన పక్కన నిలబడి ఆయన పడ్డ అవమానంలో పాలు పంచుకోవడం అంటాడు కీర్కెగార్డ్. పద్దెనిమిది వందల ఏళ్లు మధ్యలో ఉన్నట్టు నటించకుండా ఆ రోజుకు సమకాలీనుడివి కమ్మంటాడు. మావాళ్లకు ఆ సమకాలీనత పుస్తకం చదివి తెచ్చుకోవలసిన అవసరం లేకపోయింది.


నిరీశ్వరం

మనవడు గారూ, ఈ పోస్టు చాలా నచ్చింది. కానీ అడగకుండా ఉండలేను. అది 1878. ఇప్పుడు?


ఒంగోలు మనవడు

ఇప్పుడు మేం నాలుగో తరం. పుట్టగానే పేరు సంఘం రిజిస్టరులోకి ఎక్కుతుంది. బాప్తిస్మం వయసు వచ్చిందని బాప్తిస్మం, పెళ్లికి సర్టిఫికెట్ కావాలని సభ్యత్వం. కొన్ని పల్లెల్లో ఇప్పటికీ క్రైస్తవుడిగా ఉండటానికి వెల ఉంది, దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా పోవడం చిన్న వెల కాదు. కానీ పట్నంలో మా కుటుంబం లాంటివాళ్లకు అది దాదాపు పోయింది. సంఘం ఎన్నికలు, ఆస్తులు, కమిటీలు, కోర్టు కేసులు మిగిలాయి. తాతల సాక్ష్యం మా సాక్ష్యమైనట్టు ప్రతి వార్షికోత్సవానికీ చెప్పుకుంటాం. అపొస్తలుల వరసలో మ్యూన్‌స్టర్‌ను చేర్చినట్టే. కీర్కెగార్డ్ మా ముత్తాతకు చెప్పేదేమీ లేదు, నాకు చెప్పేది చాలా ఉంది. అందుకే చదువుతున్నాను.


పాస్టరుగారమ్మాయి

ఈ చర్చంతా మా నాన్నగారికి చదివి వినిపించాను. రిటైరయ్యారు, ఓపికగా విన్నారు. జ్యోత్స్న గారు రాసిన ఆ ఒప్పుకోలు సంగతి మాత్రం మళ్లీ చదవమన్నారు. వాక్యం చెప్పే ప్రతివాడూ ముందుగా అది తనకు చెప్పుకోవాలని తనకెప్పుడూ అనిపించేదట, సంఘం ముందు పైకి అనడానికి ధైర్యం చాలలేదట. అంటే సంఘం ఏమనుకునేది నాన్నా అన్నాను. బహుశా ఇంకా దగ్గరయ్యేవాళ్లు అన్నారు.

జీతం విషయంలో నా అభిప్రాయం మారలేదు. వెయ్యిమంది పాస్టర్లను ఒక్కగాటన కట్టేసి తిట్టడం అన్యాయం. కానీ "నాకేం కావాలి?" వ్యాసంతో నాకు పేచీ లేదు.


కోపెన్‌హాగన్ తెలుగు

ఇంకొకటి కూడా రావాలి ఈ చర్చలోకి. అందరం తిట్లనే చూస్తున్నాం. 1847లో 'ప్రేమ క్రియలు' అనే పుస్తకం వచ్చింది, సొంత పేరుతో. "నీవలె నీ పొరుగువాని ప్రేమింపవలెను" అన్న ఆజ్ఞలో 'వలెను' మీద పుస్తకంలో ఎంతో భాగం నడుస్తుంది. ఇష్టం మారుతుంది, ఆజ్ఞ మారదు. అందుకని ఆజ్ఞగా మారిన ప్రేమే భద్రంగా ఉంటుంది అంటాడు. పొరుగువాడంటే ఎవరు అంటే, తలుపు తీసి బయటికి వస్తే మొదట కనిపించిన మనిషి. చివర్లో చనిపోయినవాళ్లను తలచుకునే ప్రేమ గురించి ఒక అధ్యాయం ఉంది. చచ్చినవాడు తిరిగి ఏమీ ఇవ్వలేడు, బలవంతం చేయలేడు, కాబట్టి మన ప్రేమ ఎంత నికరమైనదో అక్కడ తెలుస్తుంది అంటాడు. ఐదుగురు తోబుట్టువులనూ తల్లినీ తండ్రినీ 26 ఏళ్లు నిండేలోపు పోగొట్టుకున్న మనిషి రాసింది. అది చదివాక 'క్షణం' చదివితే, ఆ కోపం అడుగున ఏముందో తెలుస్తుంది.


ఏకాంతం

ఇవన్నీ ఇంగ్లీషు అనువాదాల్లో దొరుకుతాయా? కొత్తవాళ్లు దేనితో మొదలుపెట్టాలి? 'భయము, వణకు' మళ్లీ ఒంటరిగా చదవాలంటే కొంచెం ధైర్యం కావాలి.


కొండవీటి పాఠకుడు

దొరుకుతాయండీ, అన్నిటికీ మంచి ఇంగ్లీషు అనువాదాలున్నాయి. 1846 నాటి 'అనుబంధం' చాలా లావు పుస్తకం, దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు 'ప్రేమ క్రియలు'లో ఆజ్ఞ గురించిన భాగం చదవండి, దానికి తత్వశాస్త్రం తెలిసి ఉండనక్కర్లేదు. తర్వాత 'క్రైస్తవ్యంలో అభ్యాసం' మొదటి భాగం, మత్తయి 11వ అధ్యాయం పక్కన తెరిచి పెట్టుకుని. 'క్షణం' సంచికలు ఆ తర్వాతే. అవి ముందు చదివితే తిట్లు మాత్రమే గుర్తుంటాయి. 'భయము, వణకు' ఒంటరిగా వద్దు, ఇక్కడే వేరే చర్చ తెరుద్దాం, రోజుకు కొన్ని పేజీల చొప్పున కలిసి చదువుదాం. జ్యోత్స్న గారు, మనవడు గారు ఉంటానంటే ఆదివారం మధ్యాహ్నం మొదలుపెడతాను. నిరీశ్వరం గారు కూడా తప్పకుండా రావాలి.